రోజూ ఆఫీసుకి ఏది మేలు: మెట్రో, బస్సు, నెలవారీ ఆటో, క్యాబ్, సైడ్ వీల్స్ బండి (వికలాంగ ఉద్యోగుల కోసం ఒక పోలిక)

ఉద్యోగం వచ్చిన సంతోషం ఒక రోజు ఉంటుంది. మర్నాటి నుంచి మాలాంటి వాళ్ల ఇళ్లలో ఒకటే టెన్షన్, రోజూ వెళ్లి రావడం ఎలా అని. నాకు చిన్నప్పుడు పోలియో వచ్చింది, ఎడమ కాలికి క్యాలిపర్ (కాలు నిలబడటానికి కట్టే ఇనుప ఊత), చేతిలో ఒక ఊతకర్ర. ఉండేది తార్నాకలో, ఆఫీసు మాదాపూర్‌లో. పదిహేనేళ్ల ఉద్యోగంలో సిటీ బస్సు, సైడ్ వీల్స్ స్కూటీ, యాప్ క్యాబ్, నెలవారీ ఆటో, మెట్రో అన్నీ అయ్యాయి. నా స్నేహితురాలికి వెన్నుపూస దెబ్బతిని వీల్‌చెయిరే ఆధారం, ఆమెతో తిరిగాకే నా కంటికి కనపడని ఇబ్బందులు ఎన్ని ఉన్నాయో తెలిసింది. అందుకే ఇది మా ఇద్దరి అనుభవమూ కలిపి, ఎక్కువగా హైదరాబాద్‌ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. అమెరికాలో పారాట్రాన్సిట్ అని ఒక సర్వీసు ఉంటుంది, మామూలు బస్సు ఎక్కలేని వాళ్ల కోసం బండి పంపాలని అక్కడ 1990లో వచ్చిన చట్టమే చెబుతుంది. మన 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 41వ సెక్షన్ బస్‌స్టాండ్లు, స్టేషన్లు, వాహనాలు అందరికీ వీలుగా ఉండాలంటుంది, వ్యక్తిగత ప్రయాణానికి రాయితీలు, బండ్లకు మార్పులు లాంటి పథకాలు పెట్టాలనీ అంటుంది. కానీ రోజూ ఇంటికొచ్చి తీసుకెళ్లే ప్రభుత్వ బండి మన ఊళ్లలో లేదు. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఈ సౌకర్యాల ప్రమాణాలు ఉత్త సలహాలుగా ఉంటే కుదరదు, తప్పనిసరి నిబంధనలు చేయాలని కేంద్రానికి చెప్పింది, ఆ తీర్పుకి ఆధారమైన నివేదిక తయారుచేసింది మన హైదరాబాద్‌లోని నల్సార్ లా యూనివర్సిటీ వాళ్లే. అవి అమల్లోకి వచ్చి మన వీధి చివర కనపడేదాకా, ఉన్నవాటినే జోడించుకుని మన పారాట్రాన్సిట్ మనమే తయారుచేసుకోవాలి.

ఏం చూసి ఎంచుకోవాలి

అందరూ ముందు టికెట్ ధర చూస్తారు. నేనైతే దాన్ని చివర్లో చూడమంటాను.

మొదట చూడాల్సింది మధ్యలో మిగిలే నడక. ఇంటి గుమ్మం నుంచి ఆఫీసులో మీ కుర్చీ దాకా మొత్తం దారిని ముక్కలుగా రాసుకోండి. మెట్రోలో ఇరవై కిలోమీటర్లు హాయిగా గడిచిపోతుంది, దిగాక ఆరు వందల మీటర్లు ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద వెళ్లాల్సి వస్తే ఆ ఆరు వందల మీటర్లే మీ ప్రయాణం. ఫుట్‌పాత్ ఉన్నా, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉందా, బండ్లు ఎక్కకుండా పాతిన ఇనుప గొట్టాల మధ్య వీల్‌చెయిర్ పడుతుందా, అది కూడా చూడాలి.

రెండోది, ఎన్నిసార్లు ఎక్కి దిగాలి. వీల్‌చెయిర్‌లోంచి సీటుకి, సీటులోంచి వీల్‌చెయిర్‌కి మారడం ఒక్కోసారి ఒక్కో చిన్న కసరత్తు. పూటకి రెండు మార్పులు దాటితే భుజాలు ఏడాదిలో చెప్పేస్తాయి.

మూడోది, చెడ్డ రోజు. వాన పడ్డ రోజు, లిఫ్ట్ ఆగిన రోజు, ఆటో అన్న పెళ్లికి ఊరెళ్లిన రోజు ఏం చేస్తారు? మంచి రోజున అన్నీ బాగానే ఉంటాయి. నేను ప్రతి దారినీ జూలై నెల సాయంత్రం ఆరున్నరకి ఊహించుకుని చూస్తాను.

ఇంకొకటి ఉంది, దీన్ని ఎవరూ లెక్కలో వేయరు. ఆఫీసుకి చేరాక ఒంట్లో ఎంత ఓపిక మిగిలింది? పదికి లాగిన్ అయ్యి పన్నెండింటిదాకా కాళ్లు వణుకుతూ ఉంటే, ఆ ప్రయాణం ఫ్రీ అయినా ఖరీదైనదే.

మెట్రో

రూటు కుదిరితే మొదటి ఓటు దీనికే. 69 కిలోమీటర్లు, 57 స్టేషన్లు, రోడ్డు మీంచి టికెట్ల అంతస్తుకి, అక్కడి నుంచి ప్లాట్‌ఫామ్‌కి లిఫ్టులు ఉన్నాయి, వీల్‌చెయిర్ పట్టే వెడల్పు గేటు ఉంది, ప్లాట్‌ఫామ్ రైలు తలుపుకి సమానంగా ఉంటుంది కాబట్టి మెట్లెక్కే పని లేదు. చూపు లేనివాళ్లకి నేల మీద గుర్తుల పలకలు, తెలుగు, హిందీ, ఇంగ్లిష్‌లో స్టేషన్ ప్రకటనలు ఉన్నాయి. 2025 మేలో చార్జీలు పెరిగాక టికెట్ 11 రూపాయల నుంచి 69 రూపాయల దాకా ఉంది. 2019లో హైటెక్ సిటీ దాకా లైను వచ్చిన నెలలోనే నేను స్కూటీ మానేశాను, అంతకంటే ఏం చెప్పను.

చూసుకోవాల్సినవి కొన్ని. లిఫ్ట్ మీకు కావలసిన రోడ్డు వైపే ఉందా అనేది ముందే వెళ్లి చూడండి, ఎందుకంటే అవతలి వైపు దిగితే మెయిన్ రోడ్డు దాటాలి. (స్టేషన్ పై అంతస్తులోంచే ఆ వైపుకి దాటొచ్చు, లిఫ్టులు రెండు వైపులా పనిచేస్తుంటే.) రైలు మారాల్సి ఉంటే, ముఖ్యంగా అమీర్‌పేటలో, ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకి మళ్లీ లిఫ్ట్ కోసం నిలబడాలి, ఆ రద్దీలో పది పదిహేను నిమిషాలు అదనంగా వేసుకోండి. ఉదయం తొమ్మిది నుంచి పది మధ్య అమీర్‌పేట దగ్గర జనం తోసుకొస్తారు, ఊతకర్ర కొన ఎవరి చెప్పు కిందో పడితే మనం కింద పడతాం. ఎనిమిదికి బయల్దేరడం, లేదా పదకొండు షిఫ్ట్ అడగడం నిజంగా పనిచేసే ఉపాయం. ఆడవాళ్లైతే ముందు కోచ్‌లో కేటాయించిన భాగం కాస్త నయం.

మెట్రోకున్న అసలు లోటు స్టేషన్ బయట మొదలవుతుంది. దాన్ని పూడ్చే మార్గం లేకుండా మెట్రోని ఎంచుకోకండి.

ఆర్టీసీ సిటీ బస్సు

అతి చౌక. వికలాంగుల రాయితీ పాసు ఉంది, తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెటే లేదు. ఆంధ్రలో కూడా 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పేరుతో ఆడవాళ్లకి ఉచితం. ఇంటి దగ్గర్నుంచి నేరుగా ఆఫీసు ముందుకి వెళ్లే నంబరు ఉంటే, మీరు మెట్లెక్కగలిగితే, ఇంతకంటే సులువు లేదు.

కానీ మామూలు బస్సు అడుగు నేల నుంచి దాదాపు 900 మిల్లీమీటర్ల ఎత్తు, అంటే మన నడుము దాకా. లో ఫ్లోర్ అంటే 400. ఈ తేడా కాగితం మీద చిన్నది. స్టాప్‌లో ఎలా ఉంటుందో చెప్తాను: బస్సు ఫుట్‌పాత్ అంచుకి ఆనుకుని ఆగదు, రోడ్డు మధ్యలో ఆగుతుంది, కాబట్టి ముందు ఫుట్‌పాత్ దిగాలి, ఊతకర్ర కుడిచేతిలోంచి ఎడమ చంకలోకి మార్చాలి, కుడిచేత్తో రాడ్ పట్టుకోవాలి, క్యాలిపర్ లాక్ వేసి ఉన్న కాలు వంగదు కాబట్టి మంచి కాలు మొదటి మెట్టు మీద పెట్టి ఒళ్లంతా చేత్తో పైకి లాగాలి. ఇదంతా ఏడెనిమిది సెకన్లలో. నేను ఆరేళ్లు చేశాను. కండక్టరు అక్క ఒకామె రోజూ నా కర్ర ముందే అందుకునేది, ఆ కాసేపూ బస్సు కదలకుండా డ్రైవర్‌కి కేకేసేది. ఆమె డ్యూటీ లేని రోజు నాకు గుండె దడ.

వీల్‌చెయిర్ వాళ్లకి మామూలు బస్సు కుదరదు, సూటిగా చెప్పడమే మంచిది. చూపు లేనివాళ్లకి ఎక్కడం కంటే కష్టం వచ్చే బస్సు ఏదో తెలుసుకోవడం, స్టాప్‌లో ఒకరిని అడగక తప్పదు. వినికిడి లేనివాళ్లకి మాత్రం బస్సే మంచి ఎంపిక అంటాను, ఫోన్ మాట్లాడే పని లేదు. ఎంఎంటీఎస్ (హైదరాబాద్ లోకల్ రైలు) కూడా చౌకే, హైటెక్ సిటీ దగ్గర స్టేషనూ ఉంది, కానీ ప్లాట్‌ఫామ్‌కీ పెట్టెకీ మధ్య ఉండే ఎత్తు, సందు చూసుకుని వెళ్లండి.

యాప్ క్యాబ్, యాప్ ఆటో

గుమ్మం ముందు ఎక్కి గుమ్మం ముందు దిగొచ్చు, అది పెద్ద వరం. రోజువారీగా దీన్నే నమ్ముకోవడం మాత్రం డబ్బుకీ మనసుకీ రెండింటికీ భారం. బుక్ చేశాక ఫోన్ వస్తుంది, "మేడమ్, వీల్‌చెయిర్ అంటే ఎక్స్‌ట్రా అవుతుంది" అంటారు, లేదంటే చూసి క్యాన్సిల్ చేస్తారు. మా స్నేహితురాలికి ఒక ఉదయం వరసగా నలుగురు క్యాన్సిల్ చేశారు, నాలుగో డ్రైవర్ గేటు దాకా వచ్చి, ఆమెను చూసి, వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు ఆమె సెలవు పెట్టింది. అలాంటివి జరిగితే ట్రిప్ నంబరుతో ఫిర్యాదు పెట్టండి, వదిలేయకండి.

వీల్‌చెయిర్ వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన విషయం డిక్కీ. చాలా క్యాబ్‌లు సీఎన్‌జీవి, సిలిండర్ డిక్కీ నిండా ఉంటుంది, మడిచిన వీల్‌చెయిర్ పట్టదు. బుక్ చేయగానే "డిక్కీలో సిలిండర్ ఉందా" అని అడగండి. చక్రాలు ఊడొచ్చే కుర్చీ అయితే వెనక సీటు మీద పడుతుంది. సీటు ఎత్తు కూడా చూడాలి: కుర్చీ ఎత్తుకి దగ్గరగా ఉండే కారులోకి జరగడం తేలిక, మరీ కింద ఉండే కారులోంచి పైకి రావడం నరకం. మాట వినపడని వాళ్లు బుక్ చేసిన వెంటనే "వినపడదు, మెసేజ్ చేయండి" అని యాప్‌లో పంపేయండి, డ్రైవర్ ఫోన్ చేసి విసిగి క్యాన్సిల్ చేసేలోపే.

నెలవారీ ఆటో

బడి పిల్లల కోసం మాట్లాడుకుంటాం చూడండి, అదే పద్ధతి. నా మటుకు మన దగ్గర పారాట్రాన్సిట్‌కి అతి దగ్గరగా వచ్చేది ఇదే. మా ఆటో అన్న నన్ను ఇంటి నుంచి తార్నాక స్టేషన్ లిఫ్ట్ ముందు దాకా దింపుతాడు, సాయంత్రం అక్కడే ఎక్కించుకుంటాడు, నెలకి 2,500 ఇస్తాను. రెండో వారంలోనే సీటు కింద చిన్న చెక్క పీట ఒకటి పెట్టుకున్నాడు. ఆటో ఆపగానే పీట కింద వేస్తాడు, నేను దాని మీద కాలు పెట్టి ఎక్కుతాను. నేను అడగలేదు.

మాట్లాడుకునేటప్పుడే తేల్చుకోవాల్సినవి: ఆదివారాలు, సెలవులు లెక్కలో ఉంటాయా, సాయంత్రం ఎన్ని నిమిషాలు ఆగుతాడు, వాన రోజు రేటు అదేనా, తను రాలేని రోజు పంపే మనిషి ఎవరు. ఆ రెండో మనిషి నంబరు మొదటి రోజే తీసుకుని, ఒకసారి అతని ఆటోలో కూడా వెళ్లి చూడండి. ఈ పద్ధతిలో బలహీనత అంతా ఒక్క మనిషి మీద ఆధారపడటమే.

ఇంటి నుంచి ఆఫీసు దాకా పూర్తిగా ఆటో అంటే పది కిలోమీటర్ల లోపు అయితేనే ఆలోచించండి. అంతకు మించితే గతుకులకి నడుము పోతుంది, వెన్ను దెబ్బ ఉన్నవాళ్లు అస్సలు వద్దు.

సొంత బండి: సైడ్ వీల్స్ స్కూటీ, వీల్‌చెయిర్ మోటార్

చేతుల్లో బలం ఉండి, ఇల్లూ ఆఫీసూ ఎనిమిది పది కిలోమీటర్ల లోపు ఉన్నవాళ్లకి సొంత బండి ఇచ్చే స్వేచ్ఛ ఇంకేదీ ఇవ్వదు. ఎవరికీ ఫోన్ చేయక్కర్లేదు, ఎవరి మొహం చూడక్కర్లేదు. రెండు రాష్ట్రాల్లోనూ అర్హులకి ప్రభుత్వం మోటార్ బండ్లు ఇచ్చే పథకాలు ఉన్నాయి, జిల్లా వికలాంగుల సంక్షేమ శాఖ ఆఫీసులో అడగాలి.

బండి ప్రవర్తన తెలుసుకుని కొనండి. మామూలు స్కూటీ మలుపులో ఒరుగుతుంది, ఇది ఒరగదు. వేగంగా తిప్పితే బయటికి లాగేస్తుంది, కాబట్టి మలుపులన్నీ నెమ్మదిగానే. ఇంకోటి కొన్నాకే తెలిసింది నాకు: వెనక చక్రానికి అటూ ఇటూ రెండు చక్రాలు ఉంటాయి కదా, గుంత సరిగ్గా మధ్యలో వస్తే పక్క చక్రాలు రెండూ గట్టు మీద ఉండి, మధ్య చక్రం గాల్లో తిరుగుతుంది. ఎంత యాక్సిలరేటర్ ఇచ్చినా కదలదు. ఇద్దరు మనుషులు వచ్చి నెట్టాలి. రివర్స్ ఉన్న కిట్ వేయించుకుంటే పార్కింగ్ బాధ తగ్గుతుంది.

కాగితాల విషయంలో బద్ధకించకండి. మార్పులు చేసిన బండి అని ఆర్సీలో ఎక్కించాలి, లైసెన్సు ఆ రకం బండికే తీసుకోవాలి, ఇన్సూరెన్సు కంపెనీకి సైడ్ వీల్స్ సంగతి రాసి చెప్పాలి, లేకపోతే యాక్సిడెంట్ రోజున క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. రోడ్ ట్యాక్స్ మినహాయింపు గురించి ఆర్టీఓ ఆఫీసులో అడగండి.

వీల్‌చెయిర్‌లోంచి దిగకుండానే వెళ్లాలంటే కుర్చీ ముందు తగిలించే మోటార్లు వచ్చాయి. ఐఐటీ మద్రాస్‌లో పుట్టిన నియోబోల్ట్ అలాంటిదే, గంటకి 25 కిలోమీటర్ల వేగం, ఒక చార్జింగ్‌కి దాదాపు 25 కిలోమీటర్లు, 2021లో వచ్చినప్పుడు ధర 55,000, దానికి తగిన కుర్చీ వేరుగా. కాలనీ రోడ్లకి, ఇంటి నుంచి మెట్రోకి బ్రహ్మాండం. ఫ్లైఓవర్ మీద బస్సుల మధ్య నేను మాత్రం వెళ్లమని చెప్పలేను.

ర్యాంప్ ఉన్న వ్యాన్

కుర్చీలో కూర్చునే లోపలికి వెళ్లగలిగే టాక్సీలు బెంగళూరు, ముంబై లాంటి చోట్ల కొన్ని సంస్థలు నడిపాయి. ఇక్కడ ఇలాంటివి ఆసుపత్రికో ఫంక్షన్‌కో మాట్లాడుకోవచ్చు, రోజూ ఆఫీసుకంటే జీతం దానికే పోతుంది. మాట్లాడుకుంటే మాత్రం మూడు అడగండి: కుర్చీని నేలకి నాలుగు వైపులా పట్టీలతో బిగిస్తారా, మనిషికి వేరే సీటు బెల్టు ఉందా, కుర్చీ ముందు వైపుకే తిరిగి ఉంటుందా. పక్కకి తిప్పి పెట్టి, చక్రాల బ్రేకులు వేసి "ఏం కాదు మేడమ్" అంటే ఎక్కకండి.

ఒక చూపులో

| | మధ్యలో నడక | వీల్‌చెయిర్‌తో | చెడ్డ రోజున | ఖర్చు |
|---|---|---|---|---|
| మెట్రో | ఎక్కువ, రెండు చివర్లా | కుదురుతుంది | లిఫ్ట్ పనిచేస్తే గట్టిది | తక్కువ |
| సిటీ బస్సు | మధ్యస్థం | కుదరదు | వానలో కష్టం | అతి తక్కువ |
| యాప్ క్యాబ్ | లేదు | డిక్కీని బట్టి | వానలో దొరకదు | చాలా ఎక్కువ |
| నెలవారీ ఆటో | లేదు | మడిచే కుర్చీ అయితే | మనిషిని బట్టి | మధ్యస్థం |
| సైడ్ వీల్స్ బండి | కొద్దిగా | కుర్చీ ఇంట్లోనే, రెండో చివర ఇంకోటి కావాలి | వానలో తడుస్తాం | కొనేటప్పుడు ఎక్కువ, తర్వాత తక్కువ |
| ర్యాంప్ వ్యాన్ | లేదు | అన్నిటికంటే మేలు | ముందే బుక్ చేయాలి | అత్యధికం |

ఎవరికి ఏది

ఊతకర్రతో నడిచేవాళ్లు, మెట్రో లైను పక్కన ఆఫీసు ఉంటే: నెలవారీ ఆటో ప్లస్ మెట్రో ప్లస్ ఆఫీసు షటిల్ (స్టేషన్ నుంచి ఆఫీసుకి కంపెనీ నడిపే బండి). నేను చేసేది ఇదే, మూడు ముక్కలున్నా ఇదే అలుపు తక్కువ.

వీల్‌చెయిర్‌లో ఉండి చేతులు బలంగా ఉంటే మోటార్ తగిలించిన కుర్చీలో స్టేషన్‌కి, అక్కడి నుంచి మెట్రో. స్టేషన్ రెండు కిలోమీటర్లు దాటితే ఇల్లు మారడం గురించి ఆలోచించండి, నిజంగానే చెప్తున్నాను, రోజుకి రెండు పూటల క్యాబ్ డబ్బుకంటే అద్దెలో తేడా తక్కువగా తేలొచ్చు. మెడ దగ్గర దెబ్బ తగిలి చేతులు కూడా బలహీనంగా ఉన్నవాళ్లకి పై ఏర్పాట్లేవీ ఒంటరిగా సరిపోవు, వారానికి రెండు రోజులు ఆఫీసు, మిగతాది ఇంటి నుంచి పని అని కంపెనీతో మాట్లాడి, ఆ రెండు రోజులకి తెలిసిన డ్రైవర్‌ని పెట్టుకోవడమే మంచిది.

విశాఖ, విజయవాడ, వరంగల్ వాళ్లకి మెట్రో లేదు కాబట్టి దూరం తక్కువైతే సొంత బండి, లేకపోతే నెలవారీ ఆటో. ఏది పెట్టుకున్నా రెండోది ఒకటి సిద్ధంగా ఉండాలి, నెలలో మూడు నాలుగు క్యాబ్ ట్రిప్పుల డబ్బు ముందే పక్కన పెట్టుకుంటే వాన రోజు చేతులు వణకవు.

డబ్బు, కాగితాలు

వైకల్యం ఎంత శాతమో చూపే సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) లేకపోతే ముందు అవి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటేనే చాలా రాయితీలు. ప్రైవేటు ఉద్యోగులు ఒకటి అడగడం మర్చిపోతారు: కాళ్ల వైకల్యం, చూపు, వినికిడి లోపం ఉన్నవాళ్లకి కంపెనీ ఇచ్చే రవాణా భత్యంలో ఒక పరిమితి దాకా ఆదాయపు పన్ను లేదు, కొత్త పన్ను పద్ధతిలో కూడా. జీతంలో ఆ పేరుతో ఒక లైను పెట్టమని హెచ్ఆర్‌ని అడగండి. ఇరవై మంది, ఆపైన ఉద్యోగులున్న కంపెనీ 2016 చట్టం కింద సమాన అవకాశాల విధానం రాసి పెట్టుకోవాలి, అది చూపించమని ఈమెయిల్‌లో అడిగితే షటిల్, షిఫ్ట్ టైము సంగతులు మాట్లాడటం తేలికవుతుంది. నోటితో అడిగితే "చూద్దాం" దగ్గర ఆగుతుంది.

అమ్మానాన్నల్ని అమెరికా తీసుకెళ్లేవాళ్లకి

ఇది చాలామందికి తెలియదు. అక్కడ పారాట్రాన్సిట్, మామూలు బస్సు రూటుకి ముప్పావు మైలు లోపల, ఆ బస్సు తిరిగే వేళల్లో ఉంటుంది. ముందు రోజు బుక్ చేయాలి, చార్జీ మామూలు టికెట్‌కి రెండింతలు మించకూడదు, సాయానికి వచ్చే అటెండెంట్‌కి టికెట్ లేదు. అక్కడ నివాసం ఉన్నవాళ్లు దరఖాస్తు పెట్టుకున్నాక 21 రోజుల్లో తేల్చకపోతే, తేల్చేదాకా సర్వీసు ఇవ్వాలి. ఊరికి చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకి కూడా 365 రోజుల్లో 21 రోజులు వాడుకునే హక్కుంది. న్యూజెర్సీలో యాక్సెస్ లింక్, న్యూయార్క్‌లో యాక్సెస్-ఎ-రైడ్ ఇలాంటివే. ఇల్లు బస్సు రూటుకి దూరంగా ఉంటే బండి రాదు, అమ్మానాన్నలు వచ్చేముందే మీ అడ్రసు చెప్పి కనుక్కోండి.

చేరేముందు ఒక ట్రయల్

ఖాళీగా ఉండే ఆదివారం కాదు, సోమవారం ఉదయం సరిగ్గా ఆఫీసు వేళకి వెళ్లి చూడండి, తోడు ఒకరిని తీసుకుని, చేతిలో కొలత టేపు పెట్టుకుని. లిఫ్ట్ తలుపు, గేటు, ఆఫీసు లాబీ ర్యాంప్, బాత్రూమ్ తలుపు, అన్నీ కొలవండి. మా స్నేహితురాలు ఇలాగే వెళ్లి చూస్తే దారంతా బాగానే ఉంది, ఆఫీసు బాత్రూమ్ తలుపు మాత్రం ఆమె కుర్చీ కంటే రెండు అంగుళాలు తక్కువ. ఫోటో, కొలత పెట్టి హెచ్ఆర్‌కి ఆ రోజే రాసింది. తలుపు మార్చడానికి మూడు వారాలు పట్టింది, ఆమె చేరాల్సిన తేదీకి నాలుగు రోజుల ముందు పని అయింది.